చదవడమే కదా, ఏమవుతుందిలే!

నా ఉద్యోగ జీవితంలో అన్నిటికన్నా ఖరీదు పడ్డ మాట ఇదే: "చదవడమే కదా, ఏమవుతుందిలే". నిజానికి ఖరీదు కట్టింది నేను కాదు, ఇంకొకడు. ఆ కథ చెప్పి, దాంతోబాటే ఎక్సెమ్మెల్‌ని ఫంక్షనల్ పద్ధతిలో వాడుకోవడం గురించి నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెబుదామని చాలా రోజులుగా అనుకుంటున్నా. హాస్కెల్, మోనాడ్ లాంటి మాటలు వినబడగానే లేచి వెళ్ళిపోయే బాపతు వాళ్ళు (ఒకప్పుడు నేనూ ఆ బాపతే) కాస్త ఓపిక పట్టండి. మోనాడ్ అన్న మాట ఈ పేరా దాటాక మళ్ళీ రాదు, హామీ :)

2009 సంగతి. మాదాపూర్‌లో ఆఫీసు, అమెరికాలో ఒక ఆరోగ్య బీమా క్లయింటు. ఆసుపత్రుల నుంచి వచ్చే క్లెయిములని క్లయింటు సొంత ఎక్సెమ్మెల్ ఫార్మాట్‌లోకి మార్చి అవతలి సిస్టమ్‌కి పంపడం మా ప్రోగ్రామ్ పని. రాసింది జావాలో. క్లెయిముకి ఒక మూస ఉండేది. మెంబరు వివరాలు, డాక్టరు వివరాలు, జబ్బు కోడ్లు, బిల్లు లైన్లు, ఏది ఎక్కడుండాలో ఖాళీలతో సహా రాసిపెట్టిన ఎక్సెమ్మెల్ ఫైలన్నమాట. ప్రోగ్రామ్ మొదలవగానే దాన్ని ఒకసారి చదివి, డామ్ చెట్టుగా మార్చి, ఒక స్టాటిక్ వేరియబుల్‌లో పెట్టేవాళ్ళం. ప్రతి క్లెయిముకీ ఆ చెట్టుకి ఒక నకలు తీసి, నకల్లో ఖాళీలు పూరించి పంపడమే. డిజైను నాది. ఫైలుని ప్రతిసారీ చదవక్కర్లేకుండా చేశానని మురిసిపోయాను కూడా.

క్లెయిములు పెరిగాయి. రాత్రి బ్యాచి టైముకి పూర్తవడం లేదు. టీములో కొత్తగా చేరిన ఒక కుర్రాడికి (పల్నాటి వైపు నుంచి వచ్చాడు, నెమ్మదస్తుడు) ఒక్క థ్రెడ్‌తో నడిచేదాన్ని నాలుగు థ్రెడ్లకి మార్చమని చెప్పాను. వాడు కోడంతా చదువుకుని వచ్చి ఒకే ప్రశ్న అడిగాడు.

"అన్నా, మూస అందరికీ ఒకటే ఉంది కదా. నాలుగు థ్రెడ్లూ ఒకేసారి దాన్ని ముట్టుకుంటే ఫరవాలేదా?"

"దాన్నెవరూ మార్చట్లేదుగా, నకలు తీసుకుంటారంతే. చదవడమే కదా, ఏమవుతుందిలే" అన్నాను.

రెండు వారాలు బాగానే నడిచింది. ఆ తర్వాత అవతల్నుంచి మెయిలు. కొన్ని క్లెయిముల్లో డాక్టరు వివరాల ముక్కే లేదట. నలభై వేలల్లో ఏడో ఎనిమిదో. తర్వాతి వారం మూడు. ఆపై వారం ఒక్కటి కూడా లేదు. ఆపై వారం మళ్ళీ పదకొండు. మా దగ్గర టెస్టులో ఎన్నిసార్లు నడిపినా రాదు. తిరస్కరించిన ఒక్కో క్లెయిము వెనకా ఆసుపత్రి బిల్లు చేతిలో పట్టుకుని కూర్చున్న మనిషి ఒకడుంటాడు కాబట్టి క్లయింటు ఊరుకోలేదు. రాత్రి పదిన్నరకి కాల్. "ఈమధ్య ఏం మార్చారు?" అని అడిగారు. థ్రెడ్ల కోడు మార్చామన్నాను. "ఎవరు రాశారు?" అన్నారు. పేరు చెప్పాను. నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ నిజమంతా చెప్పినట్టూ కాదు.

ఆ కోడు వెనక్కి తీసేసి మళ్ళీ ఒక్క థ్రెడ్‌తో నడిపాం. తప్పులు ఆగిపోయాయి. ఇంకేం, నేరం రుజువైపోయింది. ఆ ఏడాది అప్రైజల్లో వాడి రేటింగు ఒక మెట్టు కిందకి దిగింది.

అసలు సంగతి రెండు నెలల తర్వాత బయటపడింది. బ్యాచి మళ్ళీ నెమ్మదిస్తోందని పాత లాగులు ముందేసుకుని కూర్చున్నా. పోయిన క్లెయిముల టైములన్నీ ఒక కాగితం మీద రాస్తే, ప్రతి ఒక్కటీ సర్వరు రీస్టార్టయిన మొదటి నిమిషంలోనిదే! రీస్టార్ట్ లేని వారం తప్పులూ లేవు. అప్పుడు వెళ్ళి మేము వాడే జెర్సీస్ పార్సరు డాక్యుమెంటేషన్ తీశాను. మొదటే చదవాల్సింది. అందులో సూటిగా రాసుంది, డామ్ చెట్టుని ఒకేసారి అనేక థ్రెడ్లు వాడడం క్షేమం కాదని. కేవలం చదవడమైనా సరే.

ఎందుకంటారా? జెర్సీస్ తెలివైనది. ఫైలు చదివాక చెట్టు మొత్తాన్ని ఒకేసారి కట్టదు. ఎవరైనా ఒక కొమ్మని అడిగినప్పుడే అక్కడి నోడ్లని తయారుచేస్తుంది. టిఫిన్ సెంటరు బోర్డు మీద రాసినవన్నీ వండి ఉండవు కదా, ఆర్డరిచ్చాకే పెనం మీద పోస్తారు, అలాగన్నమాట. మేం "చదవడం" అనుకున్న ప్రతిసారీ లోపల అది రాస్తోంది. నలుగురు సర్వర్లు ఒకే పెనం మీద ఒకేసారి అట్టు పోయమంటే ఏమవుతుందో మా క్లెయిములకీ అదే అయింది. మొదటి నిమిషం గడిచి చెట్టంతా తయారయ్యాక గొడవ కనబడేది కాదు. అప్పుడైనా పూర్తి క్షేమం కాదు. పిల్లల జాబితాలో ఫలానా నంబరు నోడుని అడిగితే, మళ్ళీ అడిగినప్పుడు త్వరగా ఇవ్వడానికి అది ఎక్కడుందో లోపల గుర్తు పెట్టుకుంటుంది. అదీ రాతే.

కుర్రాడి కోడులో తప్పు లేదు. తప్పు నా మూసలో ఉంది.

అప్పటికి చేసిన చికిత్స చిన్నదే. ఒక్కో థ్రెడ్‌కీ సొంతంగా ఒక చెట్టు ఇచ్చాం, అయిపోయింది. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. "చదవడమే కదా" అన్న మాట నిజమయ్యే చెట్టు ఎక్కడైనా ఉంటుందా? అలా వెతుకుతూ ఫంక్షనల్ వీధిలోకి వచ్చి పడ్డాను.

ముందుగా డామ్‌ని తిట్టడం అన్యాయమని ఒప్పుకోవాలి. డబ్ల్యూత్రీసీ వాళ్ళు 1998 అక్టోబరులో డామ్ మొదటి స్థాయిని ప్రకటించినప్పుడు వాళ్ళ మనసులో ఉన్నది బ్రౌజర్లు. పేజీ తెర మీద ఉండగానే స్క్రిప్టు దాన్ని మార్చాలి. మార్చడానికే పుట్టిన చెట్టది. దాన్ని తెచ్చి మనం సర్వర్లో, మారకూడని డేటాకి వాడుకున్నాం.

మారే చెట్టుతో వచ్చే చిక్కులు జావాలోనో జావాస్క్రిప్టులోనో పనిచేసిన అందరికీ అనుభవమే. ట్యాగు పేరు చెప్పి ఎలిమెంట్లన్నీ తెమ్మంటే డామ్ ఇచ్చేది మామూలు జాబితా కాదు, బతికున్న జాబితా. చెట్టు మారితే అదీ మారిపోతుంది. ఆరు ఎలిమెంట్లున్న జాబితా మీద సున్నా నుంచి లూపు తిప్పుతూ ఒక్కోదాన్నీ తీసేయండి, చివరికి మూడు మిగులుతాయి. పెళ్ళి భోజనాల్లో బంతి వడ్డిస్తున్నప్పుడు, వడ్డించుకున్నవాడు లేచిపోయి మిగతావాళ్ళంతా ఒక్కో సీటు ముందుకి జరిగితే ఎలా ఉంటుంది? వడ్డించేవాడు మాత్రం మామూలుగా తర్వాతి సీటుకి వెళ్తాడు. మనిషి విడిచి మనిషికి విస్తరి ఖాళీ! చివర్నుంచి వెనక్కి లూపు తిప్పాలన్న చిట్కా మన సీనియర్లు మనకి చెప్పారు, మనం జూనియర్లకి చెప్పాం. జాబితా ఎందుకు కదులుతోందని మాత్రం ఎవరమూ అడగలేదు.

ఇంకోటి తండ్రి లింకు. డామ్‌లో ప్రతి నోడుకీ తన తండ్రెవరో తెలుసు, తన డాక్యుమెంటేదో తెలుసు. అందుకే ఒక డాక్యుమెంటులో నోడుని తీసుకెళ్ళి ఇంకో డాక్యుమెంటులో పెడితే "ఇది వేరే డాక్యుమెంటుది" అని జావాలో ఎర్రర్ కొడుతుంది. ఒకే డాక్యుమెంటులో రెండోచోట పెడితే మొదటిచోటు నుంచి మాయమైపోతుంది. సంఖ్య 5 ని రెండు చోట్ల రాస్తే మొదటి 5 చెరిగిపోతుందా? పోదు, ఎందుకంటే అది విలువ. డామ్ నోడు విలువ కాదు, ఒక చోటు. తేడా అంతా ఇక్కడే ఉంది.

ఫంక్షనల్ వాళ్ళు చేసింది చెట్టుని విలువగా చూడడం. ఎలిమెంటంటే మూడే: పేరు, ఆట్రిబ్యూట్లు, పిల్లల జాబితా. పిల్లలు మళ్ళీ ఎలిమెంట్లో, అక్షరాలో. తండ్రి లింకు ఉండదు. కట్టాక మారదు. మార్పు కావాలంటే కొత్త చెట్టు కట్టుకోవాలి.

"అమ్మో, చిన్న మార్పుకి చెట్టంతా కాపీయా?" అని నేనూ అనుకున్నా. అక్కర్లేదు. చివర్న ఒక ఆకు మారితే, ఆ ఆకు నుంచి వేరు దాకా దారిలో ఉన్న నోడ్లు మాత్రమే కొత్తవి. మిగతా కొమ్మలన్నిటినీ పాత చెట్టూ కొత్త చెట్టూ కలిసి వాడుకుంటాయి. పది లక్షల నోడ్ల చెట్టయినా పది మెట్ల లోతుంటే, కొత్తగా పుట్టేవి పది నోడ్లూ వాటి పిల్లల జాబితాలూ, అంతే. ఇది కుదిరేది తండ్రి లింకు లేదు కాబట్టే. ఉండుంటే తండ్రి మారినందుకు పిల్లలందరూ మారాలి, వాళ్ళ పిల్లలూ మారాలి, చివరికి చెట్టంతా కొత్తదే అవుతుంది.

మరి పైకి ఎక్కాల్సి వస్తే? దిగేటప్పుడు ఏ కొమ్మ నుంచి దిగామో, పక్కన ఎవరున్నారో చీటీ రాసుకుంటూ దిగడమే. 1997లో ఫ్రెంచి శాస్త్రవేత్త జెరార్ హ్యుయె ఈ ఉపాయం గురించి రాస్తూ దానికి జిప్పర్ అని పేరుపెట్టారు. ఈయనే తర్వాత ఫంక్షనల్ ప్రోగ్రామింగుతో సంస్కృత సంధులు విడగొట్టే సాఫ్ట్‌వేరు రాశారు, మన హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ సంస్కృత విభాగం వాళ్ళతో కలిసి పనిచేశారు. జిప్పర్ గురించి చదువుతూ పోతే మన ఊళ్ళో తేలడం నాకు భలే అనిపించింది.

ఇక నాకు అన్నిటికన్నా పనికొచ్చిన ముక్క. హాస్కెల్‌లో ఎక్సెమ్మెల్ గురించి మాల్కమ్ వాలెస్, కాలిన్ రన్సిమన్ 1999లో రాసిన పేపర్లో ఉందది. ఫిల్టర్ అంటే ఒక ఫంక్షను. దానికి ఒక నోడుని ఇస్తే నోడ్ల జాబితా తిరిగిస్తుంది. ఇంతే. ఖాళీ జాబితా ఇస్తే ఆ నోడు పోయినట్టు. ఒక్కటి ఇస్తే ఉంచినట్టో, మార్చినట్టో. నాలుగిస్తే ఒకదాన్ని నాలుగుగా విడగొట్టినట్టు. తీసేయడం, మార్చడం, విడగొట్టడం అన్నిటికీ ఒకటే ఆకారం కాబట్టి ఒకదాని వెనక ఒకటి తగిలించుకుంటూ పోవచ్చు. లూపు లేదు, బతికున్న జాబితా లేదు, వెనక్కి తిరిగే చిట్కా లేదు.

ఆఫీసులో ఇది ఎక్కడెక్కడ పనికొచ్చిందో చెప్తా.

టెస్టింగుకి అసలు డేటా కావాలి, కానీ మనుషుల పేర్లూ అకౌంటు నంబర్లూ బయటికి పోకూడదు. పేరుకి ఒక ఫిల్టర్, నంబర్లో చివరి నాలుగంకెలు తప్ప మిగతావి చుక్కలు చేసేదానికి ఒక ఫిల్టర్, అక్కర్లేని ముక్కల్ని పారేసేదానికి ఒకటి. మూడూ మూడేసి లైన్లవి. కలిపి చెట్టు మీద ఒక్కసారి నడిపితే సరి. ఒక్కోదాన్నీ విడిగా టెస్టు చేసుకోవచ్చు కూడా.

క్లయింటు ఫార్మాటు వెర్షన్ మారినప్పుడు రెండో వెర్షన్ నుంచి మూడుకి ఒక ఫంక్షను, మూడు నుంచి నాలుగుకి ఒక ఫంక్షను రాశాం. రెండు నుంచి నాలుగుకి వెళ్ళడానికి కొత్తగా రాయాల్సింది ఏమీ లేదు, రెండిటినీ కలపడమే.

టెస్టు రాయడం తేలికైంది. విలువలు కాబట్టి, రావాల్సిన చెట్టూ వచ్చిన చెట్టూ సమానమా అని అడిగితే చాలు. డామ్‌లో మామూలుగా సమానమా అని అడిగితే "రెండూ ఒకే వస్తువా" అని అడిగినట్టవుతుంది. విలువల్ని పోల్చే ఫంక్షను 2004లో మూడో స్థాయితో గానీ రాలేదు.

ఆడిటు వాళ్ళు "మార్చకముందు ఎలా ఉండింది?" అని అడిగితే పాత చెట్టు చెక్కుచెదరకుండా పక్కనే ఉంటుంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేరు కదా.

అన్నిటికన్నా ముఖ్యంగా, మూస. నాలుగు కాదు, నలభై థ్రెడ్లు ఒకేసారి చదివినా ఏమీ కాదు. చదవడమంటే నిజంగానే చదవడం.

దీనికి హాస్కెల్ నేర్చుకుని తీరాలా? అక్కర్లేదు. మనలో చాలామంది తెలియకుండానే ఒక ఫంక్షనల్ భాష వాడారు. 1999లో వచ్చిన ఎక్సెస్సెల్టీ అదే. "వేరియబుల్ అంటారు, ఒకసారి పెట్టాక మార్చనివ్వరు, ఇదేం వేరియబులండీ" అని నేనూ తిట్టుకున్నా. అది లోపం కాదు, డిజైను అని అర్థమవడానికి పదేళ్ళు పట్టింది. డాట్‌నెట్ వాళ్ళకి 2007లో లింక్ టు ఎక్సెమ్మెల్ వచ్చింది. ఎలిమెంటు లోపల ఎలిమెంటుగా రాసుకుంటూ పోతే కోడు ఆకారం చూడగానే ఎక్సెమ్మెల్ ఆకారం కనబడుతుంది. అందులో నోడ్లు మారతాయి, తండ్రి లింకూ ఉంది, కాబట్టి పూర్తి ఫంక్షనల్ అనలేం. కాకపోతే ఒకే నోడుని రెండు చోట్ల పెడితే ఎర్రర్ కొట్టకుండా తనే నకలు తీసుకుంటుంది. స్కాలాలో మారని, తండ్రి లింకు లేని చెట్టే మొదట్నుంచీ ఉంది. 2014లో 2.11 వెర్షన్‌తో దాన్ని విడి మాడ్యూల్‌గా చేశారు. క్లోజర్‌లో అయితే ఎలిమెంటంటే పేరు, ఆట్రిబ్యూట్లు, లోపలిది అనే మూడు అరలున్న మామూలు మ్యాపు. జావాలోనే ఉండిపోయిన నాలాంటివాళ్ళకి 2021లో జావా 16తో రికార్డులు, జావా 17తో సీల్డ్ క్లాసులు, 2023లో జావా 21తో ప్యాటర్న్ మ్యాచింగ్ స్విచ్ స్థిరపడ్డాయి. సొంత చెట్టు రాసుకోవడం ఇప్పుడు అరగంట పని. లోపల జాబితా కూడా మారనిదే పెట్టండి, అది మర్చిపోతే మళ్ళీ మొదటికొస్తారు.

నేను పాటించే పద్ధతి ఇదీ. గుమ్మం దగ్గర మామూలు పార్సరు వాడండి, సొంతంగా పార్సరు రాయకండి (రాసినవాడి కష్టాలు చూశాను, ఆ రాసినవాడూ నేనే). లోపలికి రాగానే సొంత మారని చెట్టుగా మార్చండి. పనంతా ఫిల్టర్లతో చేయండి. బయటికి పోయేటప్పుడు మళ్ళీ ఎక్సెమ్మెల్‌గా రాయండి. నేమ్‌స్పేస్ ఉంటే ట్యాగు ముందుండే పొట్టిపేరుని నమ్మకండి, పూర్తి చిరునామాతో సహా దాచుకోండి. పొట్టిపేరు ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు పెట్టుకోవచ్చు.

అన్నిటికీ ఇదే మందని చెప్పను. రెండు గిగాబైట్ల ఫైలుని చెట్టుగా కడితే, మారే చెట్టయినా మారని చెట్టయినా మెమరీ మింగేస్తుంది. అక్కడ స్ట్రీమింగ్ పార్సరుతో ఒక్కో రికార్డూ చదివి, ఆ రికార్డు వరకు చిన్న చెట్టు కట్టి, పని అయ్యాక వదిలేయాలి. డిజిటల్ సంతకం ఉన్న డాక్యుమెంటు లోపల ఒక్క ఖాళీ మారినా సంతకం చెల్లకపోవచ్చు. దాన్ని అలాగే పక్కన ఉంచండి. బ్రౌజర్లో తెర మీద పేజీని మార్చాలంటే డామ్ తప్పదు. 2013లో బయటికొచ్చిన రియాక్ట్ కూడా డామ్‌ని తీసేయలేదు. తెర ఎలా ఉండాలో మనల్ని విలువగా చెప్పమని, డామ్‌ని మార్చే చాకిరీ తను చేస్తుంది. తిప్పి చూస్తే మా మూస కథే.

"ఇంకా ఎక్సెమ్మెల్ ఏంటండీ, జేసన్ కాలంలో" అనేవాళ్ళకి ఒక మాట. నిజమే, ఇన్‌కంటాక్స్ రిటర్నులే 2021లో ఎక్సెమ్మెల్ నుంచి జేసన్‌కి మారిపోయాయి. కానీ మీ వర్డు ఫైలుని జిప్పు విప్పి చూడండి, లోపల ఎక్సెమ్మెలే. రిజర్వు బ్యాంకు 2013లో తెచ్చిన ఆర్టీజీయెస్ కట్టింది ఐఎస్ఓ 20022 మీద, ఆ సందేశాలూ ఎక్సెమ్మెలే. ఇంతకీ జేసన్ కూడా చెట్టే కదా. నలుగురి చేతుల్లో ఉన్న చెట్టుని ఎవరు మారుస్తున్నారన్న ప్రశ్నకి ఫార్మాటుతో పనిలేదు.

అసలు సంగతి తెలిసిన రోజు మేనేజరుకి మెయిలు రాశాను, తప్పు డిజైనుదని, డిజైను నాదని. "మంచిది, కానీ రేటింగులు క్లోజయిపోయాయి" అని జవాబొచ్చింది. కుర్రాడు అప్పటికే కంపెనీ మారిపోయాడు. ఫోను చేశాను. జెర్సీస్ కథంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"నాకప్పుడే అనుమానం వచ్చిందన్నా, అందుకే అడిగాను. మీరు ఏం కాదన్నారు కదా, మీకు తెలిసే ఉంటుందనుకున్నా" అన్నాడు. నిష్ఠూరం లేదు గొంతులో. ఉండుంటే బావుండేది.

ఆ రోజు వాడడిగిన ప్రశ్నకి పది నిమిషాలు డాక్యుమెంటేషన్ చదివి జవాబు చెప్పుంటే ఇంత కథే లేదు. ఇప్పుడు నా టీములో ఎవరైనా "అన్నా, ఇది అందరూ ఒకేసారి వాడితే ఫరవాలేదా" అని అడిగితే తెలిసిన సంగతైనా సరే, "ఉండు, ఇద్దరం చూద్దాం" అంటాను. మారని చెట్టు వాడినచోట ఆ ప్రశ్నే పుట్టదు. వాడనిచోట, అడిగినవాడికి జవాబు చూసి చెప్పడం మన బాధ్యత.